వేడినీటి కొండలలో విడిది

క్రొత్త దేశమునకు పోవు యాత్రికుడు ఏమేమి చూడవలెనో ముందుగానే వ్రాసికొని పోవును. ఎక్కడ పడుకొనవలెనో చిట్టచివర ఆలోచించును. పట్టణములలో ఇందువలన పెద్ద నష్టము లేదు. కాని జపానులోని వేడినీటి కొండసీమలలో ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ విడిదియే యాత్ర. ఊట ఉన్నచోట ఇల్లు వెలసినది. ఇల్లు వెలసినచోటనే స్నానము, భోజనము, నిద్ర మూడును అమరినవి. ‘సత్రము భోజనము, మఠము నిద్ర’ అను మన మాట అక్కడ చెల్లదు.

టోక్యో నగరమునకు సమీపమున ఉన్న హకోనేను ఉదాహరణగా తీసికొందము. షింజుకు స్టేషనులో ప్రత్యేకపు రైలెక్కినచో సుమారు గంటన్నరలో కొండ అడుగునకు చేరవచ్చును. 1936లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఫ్యూజీ పర్వతప్రాంతములో ఇదియు ఒక భాగము. పూర్వము ఎడో నగరమునుండి క్యోటోకు పోవు తొకైదో రాజమార్గము ఈ కనుమ గుండనే సాగెడిది. 1619లో ఇక్కడ ఒక తనిఖీ ఠాణా నెలకొల్పబడినది. సామంతప్రభువుల భార్యలను పాలకులు ఎడోలో జామీనుగా ఉంచెడివారు. వారు మారువేషమున తప్పించుకొని పోకుండ ఆ ఠాణాలో స్త్రీలను ముఖ్యముగా సోదా చేసెడివారు. 1869లో ఆ ఠాణా రద్దయినది. నేటి యాత్రికుని అక్కడ ఎవరును ఆపరు. ఎక్కడ ఆగవలెనో అతడే తేల్చుకొనవలెను.

ఆ తేల్చుకొనుట తేలిక కాదు. హకోనే అనునది ఒక ఊరు కాదు. ఒక పురాతన అగ్నిపర్వతపు గర్భమునందును, దాని అంచులయందును చెదరియున్న పల్లెల సముదాయము. అడుగున ఉన్న యుమోటో స్టేషను సముద్రమట్టమునకు నూరు మీటర్ల ఎత్తుననే ఉండగా, పైనున్న ఆషి సరస్సు 723 మీటర్ల ఎత్తున ఉన్నది. యుమోటోనుండి గోరా వరకు 8.9 కిలోమీటర్ల కొండరైలు 1919నుండి నడచుచున్నది. కొన్నిచోట్ల వేయి మీటర్ల దూరమునకు 80 మీటర్లు ఎక్కవలసినంత ఏటవాలు. మూడుచోట్ల బండి ఆగి, వెనుక ముందుగను ముందు వెనుకగను మారి ఎక్కును. ఆ కొద్ది దూరమునకు నలువది నిమిషములు పట్టును. కావున పటములో దగ్గరగా కనిపించునవి నడకలో దగ్గర కావు.

యుమోటోలో దిగినవారికి సౌకర్యమెక్కువ. మూటలు మోయు శ్రమ లేదు. స్టేషను ఎదుటనే అంగళ్లు. ప్రక్కన హయాకవా నది. నీరు తేటగా ఉండును. అయితే పగలంతయు జనసమ్మర్దము. కొంత పైన మియనోషిత. అక్కడి ఫుజియా హోటలు 1878లో విదేశీయుల కొఱకు స్థాపింపబడినది. 1932లో చార్లీ చాప్లిన్ అక్కడ బస చేసినాడు. చాపలమీద కాక మంచముమీద పడుకొనవలెనని కోరువారికి అటువంటి ఇల్లు అనుకూలము. ఇంకను పైన గోరా. అక్కడ తెల్లని గంధకపు నీరు లభించు విడుదులు కలవు. 1969లో తెరువబడిన ఆరుబయటి శిల్పప్రదర్శనశాల ఒక స్టేషను దూరముననే ఉన్నది. కాని వీధులన్నియు ఏటవాలే. సెంగొకుహరా పీఠభూమికి రైలు లేదు, బస్సులే గతి. శరత్కాలమున మన రెల్లువంటి గడ్డి కొండవాలునెల్ల వెండివలె కప్పివేయును. సరస్సు ఒడ్డున విడిది చేసినవారికి, ఆకాశము నిర్మలముగా ఉన్న ఉదయమున ఫ్యూజీ దర్శనమిచ్చును. సాయంకాలము పడవలు, బస్సులు తగ్గిన పిమ్మట అక్కడ నిశ్శబ్దమే మిగులును. చలి కూడ హెచ్చు.

ఇక ‘ర్యోకాన్’ అనబడు సంప్రదాయపు విడిదియింటి నియమములు తెలియవలెను. అక్కడ వెల సాధారణముగా గదికి కాదు, మనిషికి. అందులో రాత్రిభోజనము, ఉదయపు ఫలాహారము చేరియుండును. మధ్యాహ్నము మూడుగంటలకు ప్రవేశము. మరునాడు పదిగంటలకు నిష్క్రమణము. సాయంకాలము ఆరు, ఏడు గంటలకే విస్తరి సిద్ధమగును. పగలంతయు తిరిగి రాత్రి తొమ్మిదింటికి చేరువాడు భోజనమును, దానికిచ్చిన పైకమును కూడ పోగొట్టుకొనును. ఒక్కరోజులో అన్నియు చూడవలెనను ఆత్రము గలవారు యుమోటోలోని సామాన్యపు హోటలులో దిగుటయే మేలు.

స్నానమునకు స్త్రీపురుషులకు వేర్వేరు తొట్లుండును. ముందుగా వెలుపల శరీరమును శుభ్రముగా కడుగుకొని, వస్త్రమేదియు లేకుండ నీటిలో దిగవలెను. పదిమంది ఎదుట ఇట్లు దిగుట మనవారిలో పెక్కురకు సంకోచకరము. సంకోచమున్నచోట సుఖముండదు. అట్టివారు గంటకింతయని అద్దెకిచ్చు ఏకాంత స్నానశాల గల ఇంటిని ఎన్నుకొనవచ్చును.

భోజనము విషయమున మరింత జాగ్రత్త అవసరము. కాయగూరలు మాత్రమే కనిపించు పులుసులో సైతము ఎండుచేపతో కాచిన ‘దషి’ అను రసముండును. వండువాడు దానిని మాంసాహారముగా తలపకపోవచ్చును. కావున ‘మాంసము తినము’ అనుట చాలదు. ‘చేపరసము కూడ పనికిరాదు’ అని గది కుదుర్చుకొనునపుడే చెప్పవలెను. గడప దాటిన పిమ్మట చెప్పినచో వంట మార్చుట వారికి సాధ్యము కాదు. శుద్ధ శాకాహారము తప్పనిసరియైనవారు కోయా పర్వతమువంటి బౌద్ధక్షేత్రములలోని మఠపు విడుదులను ఆలోచింపవచ్చును. అక్కడ భిక్షువుల వంటయే వడ్డింతురు.

టోక్యోలో ఉద్యోగము చేయు తెలుగువారు నేడు తక్కువ కాదు. స్వదేశమునుండి తల్లిదండ్రులు వచ్చినపుడు వారిని ఇట్టి కొండలకు తీసికొనిపోవుట పరిపాటి. సరస్సును, మంచుకొండను చూపవలెనని కుమారుని ఉత్సాహము. మోకాళ్ల నొప్పితో నేలమీది పరుపునుండి లేవలేని తల్లి, కుమారుడు నొచ్చుకొనునని నోరు మెదపదు. ఆమె మరల ఆ దేశము పోవునో పోదో ఎవరు చెప్పగలరు? అందుచేత విడిదిని నిర్ణయింపవలసినది కిటికీలోని దృశ్యము కాదు. కూడ వచ్చువారిలో నడక తక్కువవారు ఎవరో, వారి కాళ్లే కొలబద్ద కావలెను. మంచమున్నదా, మెట్లెన్ని, స్టేషనునుండి దూరమెంత అను మూడు ప్రశ్నలు ముందు అడిగి, ఫ్యూజీ కనిపించునా అను ప్రశ్నను నాల్గవదిగా అడుగవలెను.

మరియొక మాట. నీటిని కాచునది భూగర్భములోని నిప్పు. అది ఎల్లప్పుడును అణకువగా ఉండదు. 2015లో ఓవకుదని లోయయందు చిన్న విస్ఫోటము జరిగి, ఆకాశమార్గపు తీగబండి పూర్తిగా తిరుగుటకు మరుసటి ఏడాదివరకు ఆగవలసివచ్చినది. 2019 అక్టోబరు 12న తుఫానువలన హకోనేలో ఒక్కరోజుననే 922.5 మిల్లీమీటర్ల వాన కురిసినది. మన అనంతపురము జిల్లాలో ఏడాది పొడుగున పడు సగటు వానకంటె ఇది ఎక్కువ. కొండరైలుదారి కొట్టుకొనిపోయి, 2020 జూలైలో గాని బండ్లు సాగలేదు. కావున బయలుదేరుటకు ముందు దారులు తెరచియున్నవా అని విచారించుట వివేకము.

వీలైనచో రెండు రాత్రులుండవలెను. మొదటి రాత్రి ప్రయాణపు బడలిక తీరుటకే సరిపోవును. రెండవ సాయంకాలము ఎక్కడికిని పోవలసిన పని లేక, వేడినీటిలో మెడవరకు మునిగి కొండమీది మబ్బును చూచుచు కూర్చున్నపుడే, జపానువారు ఇంత దూరము వచ్చి ఈ ఊటలచెంత ఇండ్లెందుకు కట్టుకొన్నారో అర్థమగును.