మన క్లాస్‌లో జరిగింది రీసెర్చ్ పేపర్ ఎలా అవుతుంది?

ఈ ఎపిసోడ్ కొంచెం టీచర్ల కోసం, కొంచెం సైంటిస్టుల కోసం. బీఎడ్ చేస్తున్నవాళ్లు, సాయంత్రం ట్యూషన్లు చెప్పేవాళ్లు కూడా వినండి, మీకూ పనికొస్తుంది.

సైన్స్ ఎడ్యుకేషన్ రీసెర్చ్ అంటే ల్యాబ్‌లో కొత్త పదార్థం కనిపెట్టడం కాదు. పిల్లలు సైన్స్ ఎలా నేర్చుకుంటున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు, ఎలా చెబితే నిజంగా ఎక్కుతోంది అన్నది ఆధారాలతో చూపించడం. దీన్ని రాయడానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. సైంటిస్టుకి పేపర్ రాయడం వచ్చు, కానీ ఎలక్ట్రాన్‌ని కొలిచినట్టు పిల్లల్ని కొలవాలని చూస్తారు. తనని ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే ఎనిమిదో తరగతి పిల్లాడు వేరేలా ప్రవర్తిస్తాడు కదా. టీచర్‌కి పిల్లలు బాగా తెలుసు, కానీ ‘వాళ్ల మొహం చూస్తే అర్థమైందని తెలిసిపోయింది’ దగ్గర ఆగిపోతారు. మొహం చూసి కనుక్కోవడం గొప్ప విద్యే, కాదనను. కానీ చదివేవాళ్లకి ఆ మొహం కనబడదు.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక పాత జోకు ఉంది: ‘నా మెషీన్‌లో బాగానే నడుస్తోందే!’ బగ్ వచ్చిందని చెప్తే ప్రతి డెవలపర్ అనే మొదటి మాట ఇదే. టీచింగ్‌లో దాని వెర్షన్, ‘నా క్లాస్‌లో వర్కౌట్ అయింది’. అయింది సరే, ఇంకొకరి క్లాస్‌లో అవుతుందా?

ఒక నిజం కథ చెప్తాను. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే ప్రశ్నపత్రం తయారుచేశారు. లెక్కలు ఉండవు, అన్నీ మామూలు మాటల్లో అడిగే ప్రశ్నలే. పెద్ద లారీ, చిన్న కారు గుద్దుకుంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపిస్తుంది, ఇలాంటివి. రెండూ సమానం, న్యూటన్ మూడో నియమం. మనలో చాలామంది లోపల లారీ వైపే ఉంటాం. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ తన స్టూడెంట్స్‌కి దీనికంటే ముందు వచ్చిన ఇలాంటి పరీక్షే పెడితే ఒక స్టూడెంట్ అడిగారట, ‘మీరు చెప్పినట్టు రాయాలా, నేను నిజంగా అనుకుంటున్నట్టు రాయాలా’ అని. ఆ పరీక్షతో ఆయన పాఠం చెప్పే తీరే మారిపోయింది. క్లాస్‌లో ప్రశ్న వేసి, పిల్లలు పక్కవాళ్లతో వాదించుకునేలా చేశారు. తర్వాత 2001లో క్యాథరిన్ క్రౌచ్‌తో కలిసి పదేళ్ల అనుభవాన్ని డేటాతో పేపర్‌గా రాశారు. ఆ కథ ఒక్కటే ఉండి ఉంటే మనకి మంచి కబురు మిగిలేది. డేటా ఉంది కాబట్టి వేరేవాళ్లు కూడా చేసి చూడగలిగారు.

ఇప్పుడు కొలవడం సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. ఏ సెక్షన్‌కి పాఠానికి ముందు సగటు 40 మార్కులు, తర్వాత 55. బీ సెక్షన్‌కి ముందు 70, తర్వాత 85. రెండిట్లోనూ పెరిగింది 15. సమానమేనా? ఏ సెక్షన్‌కి వందకి ఇంకా 60 మిగిలి ఉంటే అందులో 15 వచ్చాయి, అంటే 0.25. బీ సెక్షన్‌కి మిగిలింది 30, అందులో 15 అంటే 0.5. దీన్నే నార్మలైజ్డ్ గెయిన్ అంటారు. రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సుల్లో 6,542 మంది స్టూడెంట్స్ డేటాని ఇలాగే చూశారు. లెక్చర్ విని నోట్స్ రాసుకునే కోర్సుల్లో సగటు 0.23. పిల్లలు చర్చించుకుంటూ, చేసి చూస్తూ నేర్చుకున్న కోర్సుల్లో 0.48. రెట్టింపు కంటే ఎక్కువ!

అయితే మన దగ్గర ఒక తిరకాసు ఉంది. చాలా స్కూళ్లలో మార్కులు చూసే సెక్షన్లు చేస్తారు. ‘ఏ సెక్షన్‌లో కొత్త పద్ధతి, బీ సెక్షన్‌లో పాత పద్ధతి, ఏ గెలిచింది’ అని రాస్తే రివ్యూ చేసేవాళ్లు మొదటి పేజీలోనే పట్టేస్తారు. ముందు పరీక్ష పెట్టకపోతే పోలికే లేదు. పెట్టినా, రెండు సెక్షన్లూ ఎలా తయారయ్యాయో దాచకుండా రాయాలి. పిల్లల పేర్లు రాయకూడదు, తల్లిదండ్రులకి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

ఇంకో పెద్ద ఇబ్బంది, ప్రశ్న. ‘యాక్టివిటీలతో సైన్స్ మీద ఆసక్తి పెరిగిందా’ అన్నది ప్రశ్నలా కనిపిస్తుంది కానీ దాన్ని పట్టుకోలేం. చిన్నది చేయండి. ఒక బ్యాటరీకి రెండు బల్బులు వరసగా కలిపితే, మొదటి బల్బు కరెంట్ కొంత వాడేసుకుని రెండోదానికి తక్కువ పంపుతుందని చాలా దేశాల పిల్లలు అనుకుంటారు. ఇది బాగా తెలిసిన విషయమే. మరి తెలుగులో? మనం ‘కరెంట్ పోయింది’, ‘కరెంట్ ఎక్కువ కాలుతోంది’, ‘కరెంట్ బిల్లు’ అంటాం. మన ఇంటి భాషే కరెంట్‌ని ఖర్చయ్యే వస్తువుగా చెప్తోంది. ఆ పొరపాటు ఆలోచనకి ఇది బలం ఇస్తోందా? ఇంకోటి చూడండి, ఇంట్లో ‘బలం’, ‘శక్తి’ దాదాపు ఒకటే మాట. ఫిజిక్స్ పుస్తకంలో ఒకటి ఫోర్స్, ఇంకోటి ఎనర్జీ. తెలుగు మీడియం పిల్లాడు ఆ రెండిటినీ ఎక్కడ కలిపేస్తున్నాడో హార్వర్డ్‌లో కూర్చుని ఎవరూ రాయలేరు. మండల కేంద్రంలో బయటి పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న టీచర్ దగ్గరే ఆ డేటా ఉంది. పేపర్లు దిద్దేసి కట్ట కట్టేస్తే అది అటకెక్కుతుంది, తర్వాత చిత్తు కాగితాల కింద పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

కాబట్టి తప్పు జవాబుల్ని పారేయకండి. పిల్లలు రాసిన వాక్యాన్ని తప్పులతో సహా ఉన్నదున్నట్టు రాసుకోండి. ఒకేలాంటి జవాబులన్నీ ఒక గుంపు చేసి, ఎంతమంది అలా రాశారో లెక్కపెట్టండి. ఆ గుంపులు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకో టీచర్‌తో విడిగా చేయించి చూడండి. ఇద్దరికీ కలిస్తే గట్టి ఆధారం, కలవకపోతే ఎందుకు కలవలేదో మాట్లాడుకోండి. సైంటిస్టు ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇక్కడ పిలవండి, వాళ్ల అనుమానపు బుద్ధి ఇప్పుడు బాగా పనికొస్తుంది.

రాసేటప్పుడు ముందుమాట దగ్గర నెలలు గడపొద్దు. ‘ఏం చేశాను’ అన్న భాగం ముందు రాయండి. ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, ఎన్ని పీరియడ్లు, ఏ ప్రశ్నలు. వంట చెప్పినట్టు ఉండాలి, ఇంకో ఊళ్లో ఇంకో టీచర్ దాన్ని పట్టుకుని చేయగలగాలి. ఆ తర్వాత ఫలితం. ‘విద్యా వ్యవస్థలో విప్లవాత్మక మార్పు’ లాంటి మాటలు కొట్టేయండి. 38 మంది పిల్లలతో చేస్తే 38 మంది గురించే చెప్పండి.

ఎక్కడికి పంపాలి? బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1996 నుంచి ‘రెజొనెన్స్’ అనే పత్రిక నడుపుతోంది, క్లాస్‌రూమ్ అనుభవాలకి అందులో చోటు ఉంటుంది. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్ల ‘ఐ వండర్’ స్కూల్ టీచర్లకి దగ్గరగా ఉండే పత్రిక. పూర్తిస్థాయి రీసెర్చ్ ఎలా ఉంటుందో చూడాలంటే ముంబైలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ నడిపే ‘ఎపిస్టెమ్’ కాన్ఫరెన్స్ పేపర్లు వెతికి చదవండి. ‘మూడు రోజుల్లో పబ్లిష్ చేస్తాం, ఫీజు కట్టండి’ అని మెయిల్ వస్తే మాత్రం డిలీట్ కొట్టండి. మూడు రోజుల్లో మీ పేపర్‌ని శ్రద్ధగా చదివేవాళ్లు ఎవరూ ఉండరు.

మంచి పత్రిక నుంచి రివ్యూ వస్తే మొదటిసారి చదివినప్పుడు కోపం వస్తుంది. మా కోడ్ రివ్యూల్లోనూ అంతే. రెండు రోజులు పక్కన పెట్టి, ఒక్కో కామెంట్‌కి కింద మీ జవాబు రాసుకుంటూ వెళ్లండి. ఒప్పుకున్నవి మార్చండి, ఒప్పుకోనివాటికి కారణం చెప్పండి. తిరిగి పంపేటప్పుడు ఆ జాబితా కూడా జతచేయాలి.