ఫిజీ సంతకం, శక్తినగర్ బొగ్గు: అపోహలు – వాస్తవాలు

పసిఫిక్ మహాసముద్రంలో 300కు పైగా దీవులున్న దేశం ఫిజీ. జనాభా పది లక్షల లోపే. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి, అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. వేలిముద్ర వేసిన కూలి ఒప్పందాన్ని, అగ్రిమెంటు అనే మాటకు నోరు తిరగక, ఆనాటి కూలీలు ‘గిర్మిట్’ అన్నారు. ఆ దేశం ఇప్పుడు వాతావరణ మార్పు ఒప్పందాల్లో ముందు వరుసలో నిలబడి మాట్లాడుతోంది. సముద్రం కనబడని రాయచూరు లాంటి చోట ఈ ఒప్పందాల గురించి అపోహలు తేలిగ్గా నాటుకుంటాయి.

అపోహ: చిన్న దీవులు సదస్సులకు వెళ్లేది చేయి చాపడానికే. నిర్ణయాలన్నీ పెద్ద దేశాలవే.

ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుల్లో నిర్ణయాలు ఓట్ల లెక్కతో కాక ఏకాభిప్రాయంతో జరుగుతాయి. అందుకే చిన్న దేశం మాటకూ బరువుంటుంది. 1990లో చిన్న దీవుల దేశాలు ఒక కూటమి కట్టాయి. ధనిక దేశాలు 2005 నాటికి తమ కర్బన ఉద్గారాలను 1990 స్థాయి కన్నా 20 శాతం తగ్గించాలంటూ 1994లో ట్రినిడాడ్ అండ్ టొబాగో ద్వారా ముసాయిదా ఇచ్చింది ఆ కూటమే. 1997లో కుదిరిన క్యోటో ఒప్పందం అంత దూరం పోలేదు కానీ, చర్చకు తొలి కాగితం పెట్టింది దీవులే. క్యోటోను అన్ని దేశాలకన్నా ముందు, 1998 సెప్టెంబరు 17న, ధ్రువీకరించింది ఫిజీ. పారిస్ ఒప్పందంలో భూతాపం పెరుగుదలకు 1.5 డిగ్రీల హద్దు చేరిందంటే అదీ ఈ కూటమి పట్టుదల వల్లే.

పారిస్ ఒప్పందానికి ఫిజీ పార్లమెంటు 2016 ఫిబ్రవరి 12న ఆమోదం తెలిపింది. ప్రపంచంలో అదే మొదటిది. సరిగ్గా ఎనిమిది రోజులకు విన్‌స్టన్ తుపాను ఆ దేశాన్ని కొట్టింది. 44 మంది చనిపోయారు. నష్టం సుమారు 200 కోట్ల ఫిజీ డాలర్లు. అప్పటికి వినాశనానికి పరిహారమిచ్చే అంతర్జాతీయ నిధి లేదు. అలాంటి ఏర్పాటు కావాలని వనువాటు దీవుల దేశం 1991లోనే ప్రతిపాదించింది. నిధి పెట్టాలని దేశాలు ఒప్పుకున్నది 2022లో. అడిగిన 31 ఏళ్లకు దొరికిన దాన్ని దానం అనడం అన్యాయం.

2017లో జరిగిన 23వ సదస్సుకు ఫిజీయే అధ్యక్షత వహించింది. సదస్సుకు వచ్చే అంత జనానికి ఆ దేశంలో వసతి చాలదు కాబట్టి సమావేశాలు జర్మనీలోని బాన్‌లో జరిగాయి. రచ్చబండ దగ్గర కూర్చుని ఎవరినీ నిందించకుండా మాట్లాడుకునే తమ ఊళ్ల పద్ధతిని, ‘తలనోవా’ అనే సొంత పేరుతోనే, ఫిజీ ఆ చర్చల్లోకి తెచ్చింది.

అపోహ: సంతకం పెడితే ఒప్పందం అమల్లోకి వచ్చినట్టే.

పొలానికి అగ్రిమెంటు రాసుకోవడం వేరు, రిజిస్ట్రేషన్ వేరు. ఇక్కడా అంతే. పారిస్ ఒప్పందంపై భారత్ 2016 ఏప్రిల్ 22న సంతకం చేసి, అక్టోబరు 2న ధ్రువీకరించింది. ఉద్గారాల తగ్గింపు లక్ష్యం ఎంతన్నది ఏ దేశానికి ఆ దేశమే రాసుకోవాలి. ఇంధన రంగంలో కార్బన్ డయాక్సైడ్‌ను ఏ చర్యా తీసుకోకపోతే 2030 నాటికి చేరే స్థాయి కన్నా 30 శాతం తగ్గిస్తానని, ఆ 30లో 10 సొంత ఖర్చుతోనేనని ఫిజీ రాసుకుంది.

అపోహ: దీవి అంటే ఏదో ఒకరోజు మొత్తంగా మునిగిపోయేది.

ద్వీపం అంటే రాయచూరు వాసికి గుర్తొచ్చేది కృష్ణలోని నడిగడ్డ. శ్రీపాద శ్రీవల్లభుడి క్షేత్రం కురువపురం అలాంటిదే. పైన నారాయణపూర్ గేట్లు ఎత్తితే పుట్టీలు ఆగిపోతాయి, రాకపోకలు తెగిపోతాయి. వరద తీశాక పొలం మళ్లీ పొలమే. సముద్రం అలా వెనక్కి పోదు. ప్రపంచ సముద్రమట్టం 1901 నుంచి 2018 లోపు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఫిజీలో 1,324 మీటర్ల ఎత్తున్న తొమానివి శిఖరం ఉంది కాబట్టి ఆ దేశం పూర్తిగా మునగదు. కానీ జనం బతికేది ఎక్కువగా తీరంలోనే. ఉప్పునీరు చేలలోకి ఎక్కితే ఊరు మునగకముందే బతుకుతెరువు పోతుంది. చౌడు నేల అంటే ఏమిటో సింధనూరు క్యాంపుల్లో స్థిరపడ్డ ఆంధ్ర రైతులకు చెప్పనక్కర్లేదు. వునిదోగోలోవా అనే ఊరిని 2014లో తీరం నుంచి రెండు కిలోమీటర్ల లోపలికి మార్చాల్సి వచ్చింది.

అపోహ: ఇదంతా ఎక్కడో జరిగే గొడవ, రాయచూరుకు సంబంధం లేదు.

శక్తినగర్ థర్మల్ కేంద్రంలో తొలి యూనిట్ 1985లో మొదలైంది. ఇప్పుడు ఎనిమిది యూనిట్లు, సామర్థ్యం 1,720 మెగావాట్లు. యరమరస్‌లో మరో 1,600. సింగరేణి నుంచి కూడా ఇక్కడికి రైళ్లలో బొగ్గు వస్తుంది. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్ జిల్లా పొలిమేరలో ఆగదు. ప్రపంచమంతటి గాలిలో కలిసి, అందులో కొంత భాగం వందల ఏళ్లు నిలిచి ఉంటుంది. అలాగని నేరమంతా ఇక్కడిదే అనడమూ తప్పే. భారతీయుడి తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటు కన్నా తక్కువ.

ఈ బొగ్గు మీదే 2021లో గ్లాస్గో సదస్సు చివరి గంటల్లో మాటల పట్టింపు వచ్చింది. బొగ్గు విద్యుత్తును ‘క్రమంగా ఆపేయడం’ అన్న చోట ‘క్రమంగా తగ్గించడం’ అని మార్చాలని భారత్ కోరింది. మార్పు జరిగింది. ఫిజీ, మార్షల్ దీవుల ప్రతినిధులు నిండు సభలో అసంతృప్తి చెప్పారు. అదే గ్లాస్గోలో, అంతకు కొద్ది రోజుల ముందే, దీవుల్లో తుపానులకు తట్టుకునే నిర్మాణాల కోసం ఒక పథకాన్ని భారత్ ప్రారంభించింది. అందులో భాగస్వాములుగా నిలిచిన దీవుల దేశాలు జమైకా, మారిషస్, ఫిజీ.