నేల ఉసిరి కాలేయాన్ని కాపాడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇది తెలియాలంటే ముందు కాలేయం ఎలా దెబ్బతింటుందో చూడాలి. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ మందుల దుకాణాల్లో జ్వరానికి దొరికే పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు ఎందుకు? కాలేయం ఆ మందులో చాలా భాగాన్ని హాని లేని రూపంలోకి మార్చి పంపేసినా, కొద్ది భాగం విషంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. మందు మరీ ఎక్కువైతే ఆ రక్షకం నిండుకుని, మిగిలిన విషం కణాలను చంపుతుంది. అప్పుడు పగిలిన కుండలోంచి నీరు కారినట్లు, చితికిన కణాల్లోని ఎ.ఎల్.టి. అనే ఎంజైము, అంటే రసాయన చర్యలను వేగపరిచే ప్రోటీను, రక్తంలోకి చేరుతుంది కాబట్టి, రక్తపరీక్షతోనే నష్టాన్ని అంచనా వేయవచ్చు.

ఈ కొలతనే వాడుకుని, కామెర్లకు తెలుగువారు తరతరాలుగా వాడే నేల ఉసిరి వంటి మొక్కలను పరీక్షించేవారు ఎలుకల్లో ఒక గుంపుకు అధిక మోతాదు పారాసిటమాల్ మాత్రమే, మరొకదానికి మొక్క సారంతో కలిపి, ఇంకొకదానికి పోలిక కోసం సిలిమారిన్ అనే మరో మొక్క పదార్థంతో కలిపి ఇచ్చి, ఏ మందూ ఇవ్వని ఎలుకలతో ఎ.ఎల్.టి.ని పోల్చి, కాలేయపు పలుచని ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సారం కణాలకు బలమివ్వకుండా, మందు విషంగా మారడాన్ని అడ్డుకున్నా ఎ.ఎల్.టి. తక్కువగానే కనిపిస్తుంది, అందుకే ఆ మార్పు జరిగిపోయాక, అంటే మందు ఇచ్చిన కొన్ని గంటల తర్వాత, సారం ఇచ్చి చూసే పరీక్షే ఎక్కువ నమ్మదగినది. ఎలుకల పరీక్షల్లో ఏమి తేలినా, ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి వంటి చోట్లకు మోతాదు మించి మింగినవారు వస్తే, వైద్యులు ఆధారపడేది గ్లూటాథయోన్‌ను తిరిగి నింపే ఎసిటైల్‌సిస్టీన్ మీదనే.