ధర తగ్గితే మందు డూప్లికేటా?

"మన దగ్గర చేసిన క్యాన్సర్ బిళ్లలు ఉత్త సుద్దపిండి, అసలువి ఫారిన్ నుంచి తెప్పించుకోవాలి" అనే వాట్సాప్ వైద్యం ఇప్పుడు ఆస్పత్రి వరండాల దాకా వచ్చింది. డాక్టరు రాసిన జెనరిక్ పక్కన పడేసి, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు ఫారిన్ మందు తెప్పిస్తానన్న ఏజెంటు చేతిలో పోస్తున్నారు. బిల్లు ఉండదు, పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అది మాత్రం అసలుదట!

లివర్ క్యాన్సర్‌కి వాడే సోరాఫెనిబ్ సంగతి చూడండి. బేయర్ కంపెనీ దాన్ని నెక్సావర్ పేరుతో నెలకి సుమారు 2,80,000 రూపాయలకు అమ్మేది. 2012 మార్చిలో హైదరాబాద్ నాట్కో కంపెనీకి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్నవాళ్లు ఒప్పుకోకపోయినా తయారు చేసుకునే అనుమతి, వచ్చింది. అప్పుడు నాట్కో ధర నెలకి 8,880 రూపాయలు. మందు మారలేదు, దాన్ని ఒక్కరే అమ్మాలన్న హక్కు పోయింది. జనానికి చాలినంత అందకపోయినా, ధర అందనంత ఎత్తులో ఉన్నా, ఇక్కడ తయారు చేయకపోయినా మరొకరికి అనుమతి ఇవ్వొచ్చని పేటెంటు చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. బేయర్‌కీ 6 శాతం రాయల్టీ ఇమ్మన్నారు.

హెపటైటిస్ సి మందు సోఫోస్‌బువిర్ కథ ఇంకా తమాషా. అమెరికాలో 12 వారాల కోర్సుకి గిలియడ్ కంపెనీ చెప్పిన ధర 84,000 డాలర్లు. 2014లో ఆ కంపెనీయే హెటిరోతో సహా మన కంపెనీలకు లైసెన్సులు రాసిచ్చింది. పేటెంటు ఉన్నవాడే సంతకం పెట్టి ఇచ్చిన మందుని డూప్లికేటు అనేవాళ్లకి ఏం చెప్పగలం? ఎవరు అమ్మాలో తేల్చేది పేటెంటు ఆఫీసు. నాణ్యత చూసేది డ్రగ్ కంట్రోల్. రెండూ వేరు.

కంపల్సరీ లైసెన్సులు ఎడాపెడా ఇచ్చేస్తున్నారా? మన దేశం ఇచ్చింది నాట్కోకి ఇచ్చిన ఆ ఒక్కటే. ధర లెక్క చూసేది మనమొక్కరమే కాదు. ఇంగ్లండ్‌లో ప్రతి కొత్త మందూ సర్కారే ఇస్తుందా? ఖర్చుకి తగ్గ ఫలితం లేదనుకుంటే అక్కడ మందులను బేరీజు వేసే నైస్ సంస్థ వద్దనేస్తుంది.

ఇష్టం లేకపోయినా ఒకటి ఒప్పుకోవాలి. మన తనిఖీలు అంత గొప్పగా లేవు. గాంబియాలో పసిపిల్లల మరణాల తర్వాత, మన దేశపు సిరప్‌లలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ భయం న్యాయమే. అది నిఘా లోపం, దాన్ని ధరకీ పేటెంటుకీ ముడిపెట్టకండి.

కాబట్టి బిల్లు అడగండి, బ్యాచ్ నంబరు సరిచూసుకోండి, కంపెనీ మారితే డాక్టరుకి చెప్పండి. ఇక్కడ నిజంగా దొరకని మందైతే డాక్టరు చీటీతో ఫారం 12ఎ దరఖాస్తు పెట్టి, సొంత వాడకానికి తెప్పించుకునే అనుమతి పొందొచ్చు. ఆ ఫారం సంగతి మీ ఏజెంటుని ఓసారి అడిగి చూడండి.