గుండె చేసే ఊడిగం

గుండె జారింది, గుండె చెరువయింది, గుండె రాయి చేసుకున్నాడు — తెలుగువాడి మాటల్లో గుండెకున్నంత వ్యవహారం మరే అవయవానికీ లేదు. ధైర్యానికీ, దుఃఖానికీ, జాలికీ దానినే సాక్ష్యం పిలుస్తాము. తీరా పిడికెడంత ఆ కండరం రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటూ ఊడిగం చేస్తుంటే, దాని బాగోగులు విచారించే తీరిక మాత్రం మనకు ఉండదు. "నిన్నటిదాకా రాయిలా తిరిగాడండీ, హఠాత్తుగా పోయాడు" అని ఆశ్చర్యపోవడం మన ఇళ్ళలో పరిపాటి. చాలాసార్లు ఆ హఠాత్తు వెనుక ఇరవై ఏళ్ళ కథ ఉంటుంది.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంగతే చూడండి. 1945 ఏప్రిల్ 12న ఆయన మెదడులో రక్తస్రావమై మరణించాడు. ఆనాడు ఆయన రక్తపు పోటు 300/190 ఉన్నదని వైద్యుడు వ్రాసి ఉంచాడు. అది ఒక్కనాటి ఉపద్రవం కాదు, ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చినదే. దేశాధ్యక్షుడికి వైద్యులు కరువా? కరువైనది మందు. పైగా వయస్సుతోపాటు పోటు పెరగడం సహజమేనని ఆ రోజుల్లో చాలామంది వైద్యులే అనుకునేవారు.

మరి మూడేళ్ళకు, 1948లో, ఆ దేశంలోనే ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న ఊళ్ళో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకొని, రెండేళ్ళకొకసారి పరీక్షిస్తూ పోయారు. జబ్బు వచ్చినవాడిని కాక, రాబోయేవాడిని వెదకడం ఇందులోని విశేషం. రక్తపు పోటు, రక్తంలో కొలెస్టరాలు, సిగరెట్టు — గుండెకు ఎసరుపెట్టేవి ఇవేనని అక్కడ క్రమంగా తేలింది. మధుమేహం కూడా ఆ జాబితాలో చేరింది.

1953లో లండన్ బస్సుల వారిపై జెరీ మోరిస్ అనే వైద్యుడు ప్రకటించిన పరిశోధన మరీ ముచ్చటైనది. రెండంతస్తుల బస్సులో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. ఉండేది ఒకే బస్సులో. కాని గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువ. అయితే ఆ డాక్టరుగారు అక్కడితో ఆగక, యూనిఫారాల కొలతలు కూడా తీయించాడు. డ్రైవర్ల నడుములు మొదటినుంచీ కాస్త లావేనని తేలింది! కనుక పుణ్యమంతా మెట్లదే అనడానికి వీలులేదు. కాని నడక మంచిదన్న మాటను తరువాతి పరిశోధనలు బలపరుస్తూనే వచ్చాయి.

ఇక మన వంటిళ్ళకు వద్దాము. రోజుకు ఐదు గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు, ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కూరలో వేసినది సరే. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, చివరకు మజ్జిగలోకి మళ్ళీ చిటికెడు — ఇవి ఎవరు లెక్కపెడుతున్నారు? ఆవకాయ మానమని తెలుగువారికి చెప్పే సాహసం నాకు లేదు. ముద్దముద్దకూ కాక మొదటి ముద్దకు మాత్రమే కలుపుకోమని ప్రాధేయపడగలను.

అంతకన్న బాధ కలిగించేది మాత్రల విషయం. పోటు మామూలుకు వచ్చిందనగానే మాత్ర మానివేస్తారు. గొడుగు క్రింద తడవలేదు గనుక వాన వెలిసిందనుకోవడం వంటిది ఇది. ఆ పోటును అదుపులో ఉంచుతున్నది ఆ మాత్రే. తగ్గించాలన్నా, మార్చాలన్నా వైద్యుడు చెప్పాలి. ఏ బాధా లేకున్నా ముప్పై దాటినవారు పోటు చూపించుకొనడం మంచిది. పోటు పైకి ఏ కబురూ చెప్పదు.

నొప్పి వచ్చినప్పుడైనా మేలుకొంటామా? ఎదమీద బరువు పెట్టినట్లుండి, ఎడమ చేతికో దవడకో నొప్పి ప్రాకి, చెమటలు పోస్తుంటే, "గ్యాసు" అని సోడా త్రాగి పడుకుంటాము. పూడుకొనిపోయిన రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత దక్కుతుంది. 2005 నుంచీ మనకు 108 వాహనం ఉన్నది. తెల్లవారేదాకా చూద్దామనక, వెంటనే పిలవాలి.

ఆడవారి సంగతి వేరే చెప్పాలి. వారికి ఒక్కొక్కసారి ఎదనొప్పికన్న ఆయాసం, వికారం, అంతులేని నీరసమే ముందుగా కనిపిస్తాయి. మధుమేహం ఉన్నవారికి నొప్పి అసలే తెలియకపోవచ్చు. అందరికీ వడ్డించి చివరకు కూర్చునే ఇల్లాలు "ఏమిటో నీరసంగా ఉన్నదండీ" అంటే, కాఫీ త్రాగమని చెప్పి పేపరు చూసుకునే మగవారు ఆ పేపరు ప్రక్కన పెట్టి, ఆమెను ఆనాడే డాక్టరు వద్దకు తీసుకొనిపోవాలి.