వాద్యముచేత మాటలాడించుట

బాలబాలికలారా, కంఠమును ఒకే శ్రుతియందు నిలిపి ‘ఆ’ యనుచు నోటిని మెల్లగా ‘ఈ’కి, ‘ఊ’కి మార్చి చూడుడు. నాదము మారదు, అక్షరము మారును. నాదము కంఠముది, అక్షరరూపము నోటిది. అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున హోమర్ డడ్లీ యీ రెంటిని వేరుచేసి వోకోడర్ అను యంత్రమును నిర్మించెను. 1943లో మిత్రరాజ్యముల రహస్య టెలిఫోను సంభాషణలకు అదియే ఆధారమయ్యెను.

నేడు ఏబుల్టన్ లైవ్ వంటి సాఫ్ట్‌వేరునందు ఆ సాధనము సిద్ధముగా నున్నది. ఒక ట్రాకున మాటను, వేరొక ట్రాకున సింథసైజరును ఉంచవలెను. మాట ట్రాకుపై వోకోడర్‌ను పెట్టి, క్యారియరుగా ఎక్స్‌టర్నల్ అనుదానిని ఎంచి, సింథసైజరు ట్రాకును చూపవలెను. అది మాటను మంద్రము మొదలు తారము వరకు 4 నుండి 40 పట్టీలుగా విడదీయును. ఏ పట్టీలో మాట యెంత బిగ్గరయో, సింథసైజరునందలి ఆ పట్టీయు అంత బిగ్గరయగును. అందుచే వాద్యమే పలుకుచున్నట్లు తోచును.

వేణునాదమువంటి మృదుస్వరమైనచో మాట తేలదు; లేని ధ్వనిని పెంచుటెట్లు? కరకరలాడు రంపపుపంటి తరంగమే మేలు.

ఇక ‘స’, ‘శ’లకు కంఠనాదము లేదు, గాలియే. అవి లోపించినచో ‘సీసా’ ‘ఈఆ’ యగును! ఇందులకే అన్‌వాయిస్డ్ అను మీట కలదు. కొంచెము త్రిప్పిన గాలిరొద చేరును. మిక్కిలి త్రిప్పినచో పాటయంతయు పాము బుసయే.