సన్నని కుక్క, నిండిన గిన్నె

విశాఖపట్టణమున లాసన్స్ బే కాలనీ ప్రక్కన, సముద్రపుటొడ్డుననున్న పెద జాలరిపేటలో కుక్కలది రెండు తీరుల బ్రతుకు. పడవలు ఒడ్డునకు చేరి, వలలనుండి చేపలను విదలించువేళ, ఇసుకపై జారిపడిన చిన్నచేపకై పరుగెత్తి, దొరికినదానిని దొరికినచోటనే మ్రింగి, దొరకనినాడు పడవనీడను ముడుచుకొని పండుకొను వీథికుక్కలది ఒక తీరు. ఇంటిలోపల ఫ్యానుగాలికి చల్లబడిన గచ్చుమీద పవళించి, తమముందుంచిన గిన్నెను ఒక్కమారు వాసనచూచి ముఖము త్రిప్పుకొను పొమరేనియనులు, పగ్గులు, చిన్న సంకరజాతుల కుక్కలది వేఱొక తీరు. మొదటివానిని గూర్చి బెంగపెట్టుకొనువారు అరుదు. రెండవవానిని పెంచు తల్లులే పశువైద్యునియెదుట నిలిచి, “ఏటెట్టినా ముట్టదు డాక్టరుబాబూ, బక్కసిక్కిపోనాది” అని కన్నీరు పెట్టుకొందురు. ఆ బెంగ నిజమైనది. దానిని తేలికగా కొట్టివేయరాదు. అయితే కుక్క ఆకలిని చెఱచువానిలో ఆ బెంగయే తరచుగా మొదటిదగుచున్నదని నా అభిప్రాయము.

సన్నగా నుండుట రోగము కాదు. మినియేచర్ పిన్షరు, ఇటాలియన్ గ్రేహౌండు వంటి చిన్నజాతులకు పలుచని దేహము పుట్టుకతోనే వచ్చినది. పొమరేనియను మాటకొచ్చిన, ఒత్తైన బొచ్చు తడిసినపుడుగాని లోపలి దేహమెంతయో కంటికి తెలియదు, తెలిసిననాడు యజమాని గుండె గుభేలుమనును. కావున కంటిని నమ్మక చేతిని నమ్మవలెను. 1997లో లాఫ్లామ్ అను పోషకాహార శాస్త్రజ్ఞురాలు కుక్కల దేహస్థితిని 1 మొదలు 9 వరకు అంకెలతో నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. అందు 4, 5 అంకెలు ఉత్తమమైనవి. దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. కుక్కను నిలువబెట్టి, రెండు చేతుల వ్రేళ్ళను ప్రక్కటెముకలపై మెల్లగా జార్చి చూడుడు: ఒత్తకుండగనే ఎముకలు వేళ్ళకు తగులుచు, వానిపై పలుచని కొవ్వుపొర యున్నట్లు తెలియుచు, పైనుండి చూచినపుడు నడుము సన్నగిలినట్లును, ప్రక్కనుండి చూచినపుడు పొట్ట లోనికి తీసికొని పోయినట్లును కనబడినచో, ఆ కుక్క బక్కది కాదు, సరిగానున్నది. వెన్నుపూసలు, తుంటియెముకలు దూరమునకే పొడుచుకొనివచ్చి, తొడలలో కండ కరగినట్లున్నపుడే భయపడవలెను. 2002లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో 48 లాబ్రడారు కుక్కలను జీవితాంతము పరిశీలింపగా, జతలోని తోటికుక్కకంటె నాలుగవవంతు తక్కువ తినినవి ఇంచుమించు రెండేండ్లు ఎక్కువగా బ్రతికినవి. పొరుగింటి బొద్దుకుక్కను కొలబద్దగా పెట్టుకొని తమ కుక్కను చూచి కుములువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

సన్నదనము వేఱు, తఱుగుట వేఱు. మూడు కిలోల కుక్క మూడువందల గ్రాములు తగ్గినదన్న, దాని దేహములో పదవవంతు పోయినదని అర్థము. ఆ తగ్గుదలను కన్ను పసిగట్టలేదు. జాలరిపేట గృహిణులకు ఈ విషయమున ఒక సదుపాయము కలదు. చేపలు తూచు కాటాపై తట్టనుంచి, దానిలో కుక్కను కూర్చుండబెట్టి, తట్టబరువు తీసివేసినచో గ్రాములతోసహా లెక్క తేలును. పదునైదు దినముల కొకమారు ఆ అంకెను గోడమీది క్యాలెండరుపై వ్రాసికొనినచో, ఆ కాగితమే వైద్యునకు వేయిమాటలకంటె ఎక్కువ చెప్పును. అంకె తగ్గుచున్నచో తిండిని మార్చుటకు ముందు కారణమును వెదకవలెను: కడుపులో నులిపురుగులు, గోమార్ల వలన వచ్చు జ్వరములు, కాలేయవ్యాధులు, అన్నిటికంటె ముఖ్యముగా పండ్లు. చిన్నకుక్కల చిన్నదవడలో పండ్లు ఇఱుకుకొని, పాలపండ్లు సకాలమున ఊడక, చిగుళ్ళు వాచి, నమలుటయే బాధయగును. తినదలచి గిన్నెకడకు వచ్చి, నోటబెట్టిన ముద్దను జారవిడుచు కుక్క పేచీకోరు కాదు; అది నొప్పితో నున్నది.

దేహమున ఏ లోపమును లేదని వైద్యుడు చెప్పిన పిమ్మటనే పేచీని గూర్చి యోచింపవలెను. ఇక్కడ కొంచెము లెక్క అవసరము. మూడు కిలోల కుక్క ఊరక పండుకొనియుండుటకే రోజునకు సుమారు 160 క్యాలరీలు కావలెను. ఇంటిలో తిరుగాడుచుండు, అంతే బరువుగల ఎదిగిన కుక్కకైన అది 250 దాక పోవును. కిలో బరువునకు లెక్కించినచో, పండుకొనియున్న చిన్నకుక్కకు 53 క్యాలరీలైన, ముప్పది కిలోల కుక్కకు 30 చాలును. చిన్నదేహము వేడిని త్వరగా కోల్పోవుట ఇందుకు ఒక కారణము. పొట్ట చిన్నది, అవసరము పెద్దది. అట్టి పొట్టలోనికి పిల్లలు టీతోపాటు విసరు బిస్కత్తులు నాలుగు పోయినచో, ఒక్కొక్కటి 25 క్యాలరీల చొప్పున నూఱు నిండినవి. నాటి తిండిలో అయిదింట రెండువంతులు మధ్యాహ్నమునకే ముగిసినవి. రాత్రి అన్నము ముట్టలేదని తల్లి విలపించును. తిననిది అన్నము మాత్రమేయని, తిండి కాదని ఆమెకు చెప్పువారెవరు?

పేచీ ఎట్లు పెరుగునో చూడుడు. తొలినాడు కుక్క చప్పిడి అన్నమును వదలినది, పెరుగన్నము వచ్చినది. దానిని వదలగా గ్రుడ్డు, గ్రుడ్డును వదలగా కోడిమాంసము, దాని తరువాత ఒళ్ళో కూర్చుండబెట్టుకొని గోరుముద్దలు. వదలుటవలన మేలైనది వచ్చునని కుక్క గ్రహించినది. కుక్కల జీర్ణక్రియపై పరిశోధన చేసి 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్, ఆహారము పొట్టలోనికి చేరకమునుపే, దానిని చూచినంతమాత్రముననే జఠరరసము ఊరునని నిరూపించెను. రోజంతయు గిన్నె ఎదుట నుండినపుడు ఆ ఎదురుచూపు పుట్టదు. విశాఖ ఉక్కలో ఆ గిన్నెలోని అన్నము పులిసిపోవును కూడ. కావున వేళకు పెట్టి, ఇరువది నిమిషములు వేచి, మిగిలినదానిని మాటలేక తీసివేసి, మరల వేళ వచ్చువఱకు ఏమియు పెట్టకుండుట మంచిపద్ధతి. పెద్దకుక్కకు దినమునకు మూడువేళలు చాలును. ఈ కట్టుబాటు పసికూనలకు మాత్రము ఎంతమాత్రము కూడదు: కిలో దాటని కూన కొన్నిగంటలు పస్తున్నచో రక్తములో చక్కెర పడిపోయి, వణకి, తూలి, మూర్ఛిల్లవచ్చును. వానికి నాలుగైదు గంటల కొకమారు పెట్టుచునే యుండవలెను.

కుక్కకు రుచికంటె వాసన ప్రధానము. వాసనకు జాలరిపేటలో కొదవయా? కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు పొయ్యిమీదికి రాని యిల్లు అచట లేదు. అయితే చేపలపులుసు కుక్కకు పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణములను నశింపజేయును, కారము ఉప్పు సరేసరి. మసాలా వేయకమునుపే రెండు కవ్వళ్ళను వేఱుగా తీసి, ఉప్పులేని నీటిలో ఉడికించి, చల్లారినపిదప బొటనవ్రేలితో వీపువెంట చీల్చి, నడిముల్లును తోకనుండి తలదాక ఒక్కయీడ్పున తీసివేసి, మిగిలిన కండను చూపుడువ్రేలి కొనతో నలిపి, సన్నముండ్లు లేవని రూఢిచేసికొని అన్నములో కలుపవలెను. పచ్చిచేపను పెట్టరాదు, నెత్తళ్ళవంటి కొన్నిటిలో బి1 విటమినును నాశనముచేయు పదార్థము కలదు, అది ఉడికించిననాడే పోవును. ఎండుచేపలలో ఉప్పు మెండు. వేపుడు ముక్కల నూనె చిన్నకుక్కల క్లోమమునకు ముప్పు.

అన్నము కుక్కకు పడదను మాటయు కొందరినోట వినబడుచున్నది. తోడేళ్ళకంటె కుక్కలలో పిండిపదార్థమును జీర్ణించు జన్యువు ఎన్నోరెట్లుగా పెరిగినదని 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు కనుగొనిరి; మనుజుని ఎంగిలి తిని పెరిగిన జాతికి అన్నము అరుగును. కాని చేప, అన్నము మాత్రమే నిత్యాహారమైనచో కాల్షియము, జింకు మొదలగునవి చాలవు. ఎదుగు కూనలకు అది మఱింత కీడు. అందువలన సంపూర్ణాహారముగా అమ్ముడగు మేలైన గుళికలను కొంతభాగము గోరువెచ్చని చేపరసములో నానబెట్టి పెట్టుట ఉత్తమమని నేను తలంచుచున్నాను. గుళికలను ఏవగించుకొను కుక్కయు ఆ వాసనకు లొంగును. ఏ మార్పునైనను వారము పదిదినములలో కొంచెము కొంచెముగా చేయవలెను. ప్రతియేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు వేటనిషేధము అమలునందుండగా తాజాచేప కరవగును. ఆ రెండునెలలలోనే ఎండయు కుక్క ఆకలిని చంపును. నిషేధమునకు వారముముందే ఉడికిన గ్రుడ్డునకు, చర్మము తీసిన కోడిమాంసమునకు అలవాటుచేసి, పెందలకడ ఒకమారు, ప్రొద్దుగ్రుంకినపిదప ఒకమారు ముఖ్యభాగము పెట్టి, మధ్యాహ్నమున కొద్దిగా మాత్రమే పెట్టినచో చిక్కుండదు.

తల్లులారా, మీ కుక్క సన్నగానున్నను చలాకిగా ఆడుచు, కాటామీద అంకె నిలకడగానున్నచో దానిని బలవంతపెట్టకుడు. ఒకదినము పూర్తిగా ముట్టకున్నను, వాంతులు విరేచనములు తోడైనను, కూన ఒక్కపూట పస్తున్నను మాత్రము తెల్లవాఱువఱకు వేచియుండక పశువైద్యునకు చూపుడు.